బావమరిది పట్టిన మోకు

"ఎక్కను గాక ఎక్కను! నీ వీపు మీద కూర్చోవడం కంటే ఈ బండకేసి తల బద్దలు కొట్టుకోవడం నయం!"

అలా అరిచినవాడు తిప్పన్న. తుట్టెలకోనలో కొండచరియల మీద తేనె తీసే కులంలో పుట్టి, తేనె తీయడం మానేసిన ఒకే ఒక్క మగవాడు. అతని అరుపుకు చుట్టుపక్కల చెట్ల మీది పిట్టలన్నీ లేచిపోయాయి గానీ, ఎదురుగా కూర్చున్న పిట్ట మాత్రం కదల్లేదు. దాన్ని పిట్ట అనడం మాటవరసకే. భేరుండ జాతికి చెందిన ఆ ముసలి పక్షి పేరు కంకాళి. ఏనుగును గోళ్ల మధ్య ఇరికించుకుని ఏడు కొండలు దాటగలదు. విప్పితే ఒక్కో రెక్కా ఒక వరికయ్యంత. ఈకలు పైన ఇంగిలీకం పూసినట్టు ఎర్రగా, లోపల కాటుక పట్టినట్టు నల్లగా ఉంటాయి. మెడ చుట్టూ పసిడి వన్నె నూగు, నెత్తిన నెమలిపింఛాన్ని వెక్కిరించే నీలి తురాయి. నిన్న దాని రెక్కలో దిగిన విషపు బాణాన్ని పీకి, పసరు పిండి బతికించింది ఈ తిప్పన్నే. ఆ విశ్వాసంతోనే ఇవాళ వచ్చి వాలింది. లేకపోతే మనిషి మాట వినే రకం కాదది.

"ఓరి తిప్పిగా!" అంది కంకాళి, మనవణ్ణి కసిరే ముసలమ్మ గొంతుతో. "పొద్దు ఎక్కడుందో చూశావా? నువ్విక్కడ గొంతు చించుకుంటూ కూర్చో. అక్కడ నీ పెళ్లాం ఊపిరి పోతుంది."

ఆ మాటకు తిప్పన్న పొద్దు వైపు చూశాడు.

మొన్న పొద్దున్నే పవనగ్రాసుడనే మాంత్రికుడు సుడిగాలిలో వచ్చి, పొయ్యి ముందున్న చెంగల్వను ఎత్తుకుపోయాడు. ఒంటికొమ్ము శిఖరంలోని గుహలో పెట్టాడు. "మూడోనాడు పొద్దు కుంకేలోగా దీని మొగుడు వచ్చి విడిపించుకోకపోతే, దీని ఊపిరి తీసి నా తిత్తిలో పోసుకుంటాను!" అని కోన కోనంతా వినేలా ఆకాశంలోంచి అరిచి మరీ పోయాడు. ఇవాళే ఆ మూడోనాడు. ఒంటికొమ్మును చూస్తే మనిషన్నవాడు నడిచి ఎక్కేది కాదు. నాలుగు పక్కలా చెక్కినట్టు నిటారుగా లేచిన నల్లరాయి. ఎగిరి పోవాల్సిందే, మరో దారి లేదు.

మరి ఎగరడానికేం రోగం అంటారా? తిప్పన్నకు గాలి అంటే భయం. పులికి భయపడడు, పాముకు భయపడడు, రాజుగారి భటులనైతే పూచికపుల్లల కింద లెక్కగడతాడు. కానీ ఆకు కాస్త గట్టిగా కదిలిందంటే అరికాళ్లు చల్లబడతాయి. ఇంట్లో విసనకర్ర ఉండనివ్వడు. కిటికీకి బంకమట్టి మెత్తాడు. "భయమా?" అని ఎవరైనా నవ్వారో, వాళ్ల పళ్లు రాలగొడతాడు. అందుకే కోనలో అందరూ అతన్ని కోపిష్టి అంటారు గానీ పిరికివాడు అనరు.

ఈ భయం పట్టుకున్నది మూడేళ్ల కిందట. కొత్తగా పెళ్లయింది. కట్టుబాటు ప్రకారం తేనె తీయడానికి చరియ దిగాడు. తుట్టెలకోనలో ఆ కట్టుబాటు రాజాజ్ఞ కంటే గట్టిది: చరియ మీద వేలాడేవాడి మోకును అతని పెళ్లాం తోడబుట్టినవాడే పట్టాలి. సొంత అన్నదమ్ములు పట్టకూడదు, వాళ్లకు వాటాల తగువులుంటాయి. స్నేహితుడు పట్టకూడదు, స్నేహం ఇవాళ ఉంటుంది, రేపు పోతుంది. బావమరిది చెయ్యి వదిలితే మాత్రం వాడి అక్క బొట్టే చెరుగుతుంది కదా! అంతకు మించిన ముడి లేదని పెద్దల నమ్మకం. అలా ఆనాడు చెంగల్వ తమ్ముడు మాచన్న పైన మోకు పట్టాడు. తిప్పన్న తుట్టె కోస్తుండగా కొండగాలి లేచింది. జాము సేపు అతన్ని బండకేసి బాదింది. ఆఖర్న మోకు సర్రున జారి నాలుగు బారలు కిందికి పోయి ఆగింది. పైకొచ్చాక, "గాలి లాగేసింది బావా!" అని మాచన్న లబలబలాడాడు. "కాదు, నువ్వే వదిలావు!" అన్నాడు తిప్పన్న. అంతే. ఆ రోజు నుంచి తిప్పన్న బావమరిది మొహం చూడలేదు. ఇంటికొస్తే గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. దారిలో ఎదురైతే పక్కకు తిరిగి ఉమ్మేసేవాడు.

అలాంటిది ఇవాళ మాచన్న మోకు భుజాన వేసుకుని తనంత తానే వచ్చాడు. "మోకు పట్టడానికి నేను లేకుండా ఎలా బావా?" అన్నాడు. తిప్పన్న అతని కాళ్లు చూశాడు, భుజం మీద మోకు చూశాడు, మొహం మాత్రం చూడలేదు.

"వాడు నా వెనకాల కూర్చుంటాడు. మాట్లాడాడంటే తోసేస్తాను!" అని కంకాళితో చెప్పి, పళ్లు బిగించి, దాని మెడ మీది ఈకలు రెండు గుప్పిళ్ల నిండా పట్టుకుని ఎక్కాడు.

"ఈకలు ఊడబెరకకురా సన్నాసీ!" అంటూనే కంకాళి లేచింది.

అబ్బో, ఆ లేవడం ఏమని చెప్పేది! రెక్కల ఒక్క ఊపుకు అడవి చాపలా పరుచుకుంది. రెండో ఊపుకు ఏరు వెండి మొలతాడులా సన్నబడింది. మూడో ఊపుకు మబ్బులు దూదికుప్పల్లా కింద పడున్నాయి. వాటి మీద భేరుండ నీడ కారునలుపు కోటలా పరిగెడుతోంది. దూరాన ఏడు కొండల వరస మీద ఎండ తేనెరంగులో కారుతోంది. చూసే కళ్లుంటే అంత సొగసు మరెక్కడా ఉండదు. తిప్పన్న కళ్లు మాత్రం గట్టిగా మూసే ఉన్నాయి. చెవుల్లో హోరు.

"నీ కడుపు మాడ! నీ పీడ విరగడైపోను! ఎందుకే నా మొహాన కొడతావు?" అని గాలిని పట్టుకుని తిట్టడం మొదలెట్టాడు. తిట్టకపోతే ఏడుస్తాడు, ఆ సంగతి అతనికి తెలుసు. ఏడుపు కంటే తిట్టు నయం.

"నోరు మూసుకోరా! గాలి మింగితే కడుపు ఉబ్బుతుంది!" అంది కంకాళి.

"నా కడుపు, నా ఇష్టం!"

సరిగ్గా అప్పుడే లోయ మీద అడ్డుగా గాలిగోడ ఒకటి లేచింది. మబ్బు లేదు, ఉరుము లేదు. బూడిదరంగు గాలి గిర్రున తిరుగుతూ వచ్చి కంకాళిని చెంపదెబ్బ కొట్టినట్టు కొట్టింది. పక్షి పల్టీ కొట్టింది. ఆకాశం కిందికి, నేల పైకి వచ్చాయి. తిప్పన్న చేతుల్లో ఈకలు పుటుక్కున తెగాయి. ఇక పడ్డాడు, పోయాడు అనుకునేలోగా వెనక నుంచి ఓ చెయ్యి అతని నడుం చుట్టి లాగింది. కంకాళి బుస కొట్టి, రెక్కలు ముడుచుకుని రాయిలా ఆ గోడలోంచి దూసుకుపోయింది.

తిప్పన్న ఊపిరి కూడగట్టుకునేసరికి నడుం మీద ఇంకా ఆ చెయ్యి ఉంది. మెత్తగా, నున్నగా ఉంది. 'తిని కూర్చున్న చెయ్యి! మోకు పట్టి ఎన్నాళ్లయిందో వెధవకు!' అని మరింత మండిపడ్డాడు. తనను కాపాడినందుకు ఒక్క మంచిమాట నోటికొచ్చింది గానీ బయటికి రానివ్వలేదు. విదిలించి ఆ చెయ్యి తోసేశాడు.

ఒంటికొమ్ము నెత్తిన వాలారు. పడమట పొద్దు కొండకు బెత్తెడు ఎత్తున ఉంది. గుహ శిఖరానికి ముప్ఫై బారల కిందుంది. పైన బండ కనుబొమలా ముందుకు పొడుచుకొచ్చింది. కంకాళి అందులోకి దూరలేదు. మోకు కట్టుకుని దిగాల్సిందే, తేనెకు దిగినట్టే.

"కంకాళి రెక్కల గాలికి మోకు ఊగుతుంది బావా. దాన్ని దూరంగా పొమ్మందామా?" అన్నాడు మాచన్న మెల్లగా.

గాలి అన్న మాట చెవిన పడగానే తిప్పన్నకు ముందూవెనకా తోచలేదు. "పో! వాగు దగ్గరికి పోయి నీళ్లు తాగు! కేక వేస్తే గానీ రాకు!" అని పక్షిని తరిమినంత పని చేశాడు.

"మంచికి పోతే చెడు ఎదురైందని... నీ కర్మ!" అని సణుగుతూ కంకాళి ఎగిరిపోయింది.

తిప్పన్న మోకు నడుముకు బిగించుకున్నాడు. రెండో కొస వెనక్కి చాచాడు, మొహం తిప్పుకునే. కట్టుబాటు ప్రకారం అనాల్సిన మాట ఉంది, అది అనకుండా దిగకూడదు. అందుకే అన్నాడు: "నా ప్రాణం, మీ అక్క బొట్టు నీ చేతిలో పెట్టాను."

"పుచ్చుకున్నాను," అన్నాడు వెనకవాడు.

ముప్ఫై బారలు! గాలి ఒక్క బారా ఊరికే పోనివ్వలేదు. బండకేసి కొట్టింది. బొంగరంలా తిప్పింది. కళ్లలో ఇసుక పోసింది. మోచేతులు చెక్కుకుపోయాయి. "చెంగల్వా, నీకోసం కాకపోతే ఈ పాటికి ఊళ్లో దుప్పటి కప్పుకుని పడుకునేవాణ్ణే!" అని ఏడుపు గొంతుతో తిట్టుకుంటూ దిగాడు. చివరికి కాళ్లకు గుహ అంచు తగిలింది. ఊగి లోపలికి పడ్డాడు.

చెంగల్వ అక్కడే ఉంది. తోలుపట్టీలతో కాళ్లూ చేతులూ కట్టేసి ఉంది. పెదవులు నీలంగా మారాయి. మొగుణ్ణి చూడగానే ఆమె కళ్లలో వెలుగొచ్చి, మరుక్షణం కొండెక్కింది.

"ఎందుకొచ్చావు మావా? అయ్యో, ఎందుకొచ్చావు? ఆ మోకు ఎవరి చేతిలో పెట్టొచ్చావు?"

"ఇంకెవరి చేతిలో? మీ తమ్ముడి చేతిలోనే."

"మా తమ్ముడు ఇక్కడున్నాడు."

గుహ మూల చీకట్లోంచి ఓ మనిషి కట్లతో దొర్లుకుంటూ వెలుగులోకి వచ్చాడు. మాచన్న! నిన్ననే అక్క కోసం ఒంటరిగా కొండ కిందికి వచ్చి, సుడిగాలికి చిక్కాడట. తిప్పన్న మూడేళ్ల తరవాత ఆ మొహం చూశాడు. చెంపలు పీక్కుపోయాయి. కనుబొమ మీద కొత్త గాయం. పైన మోకు పట్టుకున్నవాడి మొహం ఎలా ఉందో అతనికి గుర్తులేదు. చూస్తేగా!

కత్తితో కట్లు కోస్తుంటే బావమరిది అరచేతులు కనిపించాయి. రెండు చేతుల్లోనూ అడ్డంగా పాత మచ్చలు, ఎముక దాకా కోసుకుపోయి మానిన మచ్చలు.

"ఇవెప్పటివిరా?"

"ఎప్పటివేంటి బావా, ఆ రోజువే. జాము సేపు పట్టుకున్నాను కదా. చర్మం ఊడొచ్చాక నాలుగు బారలు జారింది," అన్నాడు మాచన్న. "చూపించబోతే గోడ వైపు తిరిగావు."

తిప్పన్నకు తన మీద తనకే పుట్టిన కోపం ఇంతా అంతా కాదు. అరవడానికి నోరు తెరిచేలోగా పైనుంచి నవ్వు వినిపించింది. తిప్పన్న నడుముకున్న మోకు పాములా జరజరా జారి గుహ ముందు నుంచి లోయలోకి వేలాడింది. దాని వెనకే గాలిలో మెట్లు దిగినట్టు దిగొచ్చాడు పవనగ్రాసుడు. బావమరిది వేషం పొగలా చెదిరిపోయింది. పైకి ఎగురుతున్న నెరిసిన జడలు, చెవులకు శంఖాలు, కనుగుడ్లలో పచ్చని మంట. గుండెల మీద ఖడ్గమృగం తోలు తిత్తి, దాని మూతి వెంట్రుకల తాడుతో బిగించి ఉంది. లోపల ఏవో కుతకుతలాడుతున్నాయి.

"ఒరే తేనెపిట్టా!" అన్నాడు మాంత్రికుడు, గుహ అంచుకు రెండు బారల దూరాన గాలిలో నిలబడి. "నలభై తొమ్మిది గాలుల్ని ఇందులో బంధించాను. మూతి నిలవడం లేదు. గాలికి భయపడేవాడి ఊపిరితో ముడేస్తే గానీ నిలవదు. ఆ ఊపిరి లోపల దాక్కుంటుందే తప్ప బయటికి రాదు కదా! ఏడు రాజ్యాలు వెతికితే అలాంటివాడివి నువ్వొక్కడివే దొరికావు. నీ పెళ్లాం ఎర. నీ కోపం నాకు దారి చూపింది."

"దాన్ని వదులుతానన్నావు!" అని గర్జించాడు తిప్పన్న.

"పొద్దు కుంకేలోగా విడిపించుకుంటే అన్నాను. అదిగో, పొద్దు కుంకుతోంది. విడిపించుకో మరి! ముందు దాని ఊపిరి, తరవాత నీది!"

అంటూ తిత్తి మూతి తాడును వేలెడు సడలించాడు. తిత్తి ఊపిరి పీల్చింది. అంచుకు దగ్గరగా ఉన్న చెంగల్వ పెదవుల్లోంచి తెల్లని ఆవిరి దారంలా సాగి తిత్తి వైపు పోసాగింది. ఆమె ఒక్కసారి "మావా" అంది. తల వాలిపోయింది.

తిప్పన్నకు ఒళ్లు తెలియలేదు. మోకును రెండు చేతులా లోపలికి లాగాడు. ముడి వేయడానికి గుహలో ఒక్క రాతి కొమ్మైనా లేదు, గాలి నాకి నాకి అంతా నున్నగా చేసింది. కొసను మాచన్న చేతుల్లోకి తోశాడు. ఈసారి మొహంలోకి చూసి తోశాడు.

"నా ప్రాణం, మీ అక్క బొట్టు నీ చేతిలో పెడుతున్నాను. పట్టుకోరా వెధవా!"

"నువ్వు... గాలిలోకి?"

"నోర్ముయ్!"

భయం ఆవగింజంతైనా తగ్గలేదు. ఆ భయంతోనే, దాన్ని అమ్మనా బూతులు తిడుతూనే తిప్పన్న గుహలోంచి దూకాడు.

గాలికి భయపడేవాడు గాలిలోకి దూకుతాడని ఏ మంత్రగ్రంథంలోనూ రాసిలేదు. పవనగ్రాసుడు తేరుకునేలోగా తిప్పన్న అతని గుండెల మీద పడి తిత్తిని కావలించుకున్నాడు. ఇద్దరూ రాళ్లలా లోయలోకి పడ్డారు. "వదలరా!" అని ఒకడు, "చావరా!" అని ఒకడు. మోకు టంగుమని బిగిసింది. ఆ కుదుపుకు మాంత్రికుడి పట్టు జారింది. తిప్పన్న పళ్లతో వెంట్రుకల తాడు పట్టి కసుక్కున కొరికాడు.

నలభై తొమ్మిది గాలులూ ఒక్కసారిగా బయటపడ్డాయి!

మంచుగాలి, వడగాలి, ఇసుక మోసేది, వాన మోసేది, పేర్లు లేనివి, పేర్లు పలకకూడనివి ఈలలు వేస్తూ, పెడబొబ్బలు పెడుతూ లేచాయి. వాటితోపాటు ఓ తెల్లని దారం వెనక్కి మళ్లి గుహలోకి పోయింది. లోపల చెంగల్వ దగ్గు వినిపించింది. ఆ దగ్గు విని తిప్పన్న సంతోషించేలోగా గాలులన్నీ కలిసి అతన్ని కింది నుంచి పైకి ఎగరేశాయి, గుహ దాటి, చరియకు దూరంగా. కాలికి జలగలా పట్టుకుని మాంత్రికుడూ లేచాడు. మోకు ఇప్పుడు గుహలోంచి ఆకాశంలోకి నిక్కింది.

కింద మాచన్న కనిపించాడు. కాళ్లు జారుతున్నాయి, నున్నని రాతి మీద మడమలు నిలవడం లేదు. అంచుకు రెండు అడుగుల దూరం. చెంగల్వ తూలుతూ లేచి తమ్ముడి నడుం వాటేసుకుంది. ఇద్దరూ కలిసి జారుతున్నారు. ఇక అడుగున్నర.

"వదిలెయ్‌రా మాచా!" అని అరిచాడు తిప్పన్న. "మోకు వదిలెయ్! మీ అక్క పడిపోతుంది!"

"మూడేళ్ల కిందట వదిలానా, ఇప్పుడు వదలడానికి!" మాచన్న గొంతు కోపంతో బొంగురుపోయింది. అతని అరచేతుల్లోంచి నెత్తురు మోకు వెంట పాకుతోంది. "నేను వదలను! ఏం చేసుకుంటావో చేసుకో!"

"మొండి వెధవా! చెంగల్వా, నువ్వైనా చెప్పవే వాడికి!"

"చెప్పను!" అంది చెంగల్వ.

ఇక జానెడే ఉంది. కంకాళికి కేక వేసినా ఈ హోరులో వాగు దాకా పోదు.

తిప్పన్న మొలలోంచి తేనెకత్తి లాగాడు. కింద లోయ, పైన ఆకాశం, నడుమ నలభై తొమ్మిది గాలులు. వాటికీ తనకూ మధ్య ఉన్నది ఈ మోకు ఒక్కటే. గాలికి కత్తి రెండుసార్లు పక్కకు పోయింది. మూడోసారి మోకు తెగింది.

గాలి అతన్ని, కాలికి వేలాడుతున్న మాంత్రికుణ్ణి కలిపి తూర్పు కొండల మీదుగా ఎత్తుకుపోయింది. పోతూ పోతూ తిప్పన్న ఒక్కసారి తల తిప్పి చూశాడు. గుహలో అక్కాతమ్ముళ్లిద్దరూ వెల్లకిలా పడి ఉన్నారు, క్షేమంగా. తెగిన మోకును రెండు చేతులా పట్టుకునే మాచన్న అతన్ని నోటికొచ్చినట్టు తిడుతున్నాడు.